ఫ్లూఆక్సెటిన్: క్యాప్సూల్ చౌక, మాత్ర ప్రియం ఎందుకు?

అమెరికాలో డిప్రెషన్‌కు వాడే ఫ్లూఆక్సెటిన్ 20 మి.గ్రా. క్యాప్సూల్‌గానూ దొరుకుతుంది, మాత్రగానూ దొరుకుతుంది. లోపలి మందు ఒకటే, మోతాదూ ఒకటే. అయినా చాలా మందుల షాపుల్లో మాత్ర ధర క్యాప్సూల్ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఈ తేడా ఎక్కడిదో తెలియాలంటే పాత పేటెంటు తగాదా ఒకటి తెలియాలి.

ఇండియానాపొలిస్‌కు చెందిన ఎలీ లిలీ తయారుచేసిన ఈ మందుకు 1987 డిసెంబరులో అనుమతి వచ్చింది. పేరు ప్రోజాక్. దాన్ని కాపాడిన పేటెంట్లలో ఒకటి 2001లో, మరొకటి 2003లో ముగియాలి. రెండోదాన్ని మరో మందుల కంపెనీ బార్ ల్యాబొరేటరీస్ కోర్టుకీడ్చింది. అప్పటికే పేటెంటు పొందినదాన్నే మళ్లీ పేటెంటు చేసుకున్నారంటూ 2000 ఆగస్టులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. మొదటి పేటెంటు గడువు, పిల్లలపై పరీక్షలు జరిపినందుకు దక్కిన ఆరు నెలల అదనంతో కలిపి, 2001 ఆగస్టు 2న తీరిపోయింది.

1984 నాటి హ్యాచ్-వాక్స్‌మన్ చట్టం ప్రకారం పేటెంటును మొదట సవాలు చేసిన కంపెనీకి 180 రోజులు ఇతర జనరిక్ కంపెనీల పోటీ లేకుండా జనరిక్ (అదే మందుకు బ్రాండు కాని రూపం) అమ్ముకునే హక్కు ఉంటుంది. అదీ మోతాదు వారీగా. 20 మి.గ్రా. క్యాప్సూల్ బార్‌కు దక్కింది. 40 మి.గ్రా. క్యాప్సూల్ హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌కు దక్కింది. ఈ హక్కు సాధించిన మొదటి భారతీయ కంపెనీ అదే. 2002 జనవరి చివర్లో గడువు తీరగానే మిగతా కంపెనీలు వచ్చిపడి క్యాప్సూల్ ధర కుప్పకూలింది. అమ్మేవాడు ఒక్కడైతే ధర కొద్దిగానే దిగుతుంది, పదిమందైతేనే నేలకు వస్తుంది. మాత్ర రూపంలోకి వచ్చిన కంపెనీలు తక్కువ, అందుకే అది ఇంకా ప్రియం.

అక్కడి ఫార్మసిస్టు బ్రాండుకు బదులు జనరిక్ ఇవ్వగలడు గానీ, మాత్రకు బదులు క్యాప్సూల్ సాధారణంగా తనంతట తాను ఇవ్వలేడు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ జాబితాలో అవి పరస్పరం మార్చుకోదగినవి కావు. డాక్టరు కంప్యూటర్‌లో పొరపాటున ‘టాబ్లెట్’ ఎంచితే బిల్లు పేలిపోతుంది. డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేసి ‘క్యాప్సూల్’ అని మార్పించాలి. 60 మి.గ్రా. మాత్ర రాసి ఉంటే, బదులుగా 20 మి.గ్రా. క్యాప్సూళ్లు మూడు రాయవచ్చా అని అడగాలి. ఇన్సూరెన్స్ లేకుండా నగదు ధరెంతో కూడా అడగండి, ఒక్కోసారి అదే తక్కువ. ఈ మాట చెప్పకుండా ఫార్మసిస్టుల నోరు కట్టేసే ఒప్పందాలు ఉండేవి. 2018లో చట్టం చేసి వాటిని నిషేధించారు.

మన దేశంలో కథ వేరు. 1970 పేటెంటు చట్టం తయారీ పద్ధతికే రక్షణ ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. 2005 దాకా అదే నడిచింది. కాబట్టి ఇక్కడ భారం పేటెంటుది కాదు, బ్రాండ్లది, ఒకటికి మించి మందులు కలిపిన మిశ్రమాలది. 2013 ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి గరిష్ఠ ధర ఉంటుంది. మార్కెట్‌లో కనీసం 1 శాతం వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటుకు షాపువాడి లాభం 16 శాతం కలిపి దాన్ని తేలుస్తారు. ఫ్లూఆక్సెటిన్‌తో పాటు డిప్రెషన్‌కే వాడే ఎస్సిటాలోప్రామ్, అమిట్రిప్టిలిన్ ఆ జాబితాలో ఉన్నాయి. ఎస్సిటాలోప్రామ్‌తో ఆందోళనకు వాడే క్లోనజెపామ్ కలిపిన మాత్ర మాత్రం ఆ పరిమితికి బయటే. అలాంటివాటి ధర ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. పైగా క్లోనజెపామ్ నెలల తరబడి వాడితే అలవాటుగా మారుతుంది. అది నిజంగా కావాలా అని డాక్టర్ని అడగాల్సిందే. సొంతంగా మానేయడం మాత్రం ప్రమాదం, ఫిట్స్ రావచ్చు. ఖర్చు కలిసొస్తుందని ఎస్సిటాలోప్రామ్ రోజు విడిచి రోజు వేసుకోవడమూ పనికిరాదు. కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం మొదలవుతాయి.

చీటీలో రాసిన బ్రాండుకు బదులు ఇంకొకటి ఇవ్వడానికి మన షాపువాడికి నిబంధనలు ఒప్పవు. అందుకే జనరిక్ పేరుతో రాయమని డాక్టర్నే కోరాలి. ఆ చీటీతో జనౌషధి కేంద్రానికి వెళ్లవచ్చు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ ప్రకారం, అత్యావశ్యక జాబితాలోని మానసిక వ్యాధుల మందులను కమ్యూనిటీ హెల్త్ సెంటర్, ఆపై స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగానే ఇవ్వాలి.