పాత కారుకి కొత్త స్పీకర్లు: అపోహలు - వాస్తవాలు

సౌండ్ బాగు చేయమని నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పదేళ్లు దాటిన బండ్లే: స్విఫ్ట్, ఇండికా, శాంత్రో, ఎస్టీమ్. ఓనర్లు దిగీ దిగగానే అడిగేది "ఏ కంపెనీ స్పీకర్ పెట్టమంటారు?" అని. కంపెనీ సంగతి తర్వాత చూద్దాం. పాత బండిలో మొదటి రూపాయి డోర్ మీద పెట్టాలి, ఆ తర్వాతే స్పీకర్ మీద. ఈ మాట చెబితే సగం మంది నమ్మరు. అందుకే రోజూ వినే అపోహల్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మంచి స్పీకర్ బిగిస్తే బేస్ దానంతటదే వస్తుంది.

రాదు. కోన్ (స్పీకర్‌లో ముందూ వెనకా కదిలే గరాటు లాంటి భాగం) ముందుకు కదిలినప్పుడు ముందువైపు గాలి ఒత్తుకుంటుంది, వెనకవైపు పలచబడుతుంది. ఈ రెండు శబ్దాలూ ఒకదానికొకటి వ్యతిరేకం. కలిశాయంటే చెల్లుకు చెల్లు. సన్నటి శబ్దాలకు ఈ బాధ తక్కువ. బేస్ ఉండే 100 హెర్ట్జ్ దగ్గర అల పొడవు దాదాపు 3.4 మీటర్లు. అంత పెద్ద అల డోర్ లోపలి రేకుకున్న కంతల్లోంచి తేలిగ్గా బయటికొచ్చి, ముందున్న బేస్‌ని తినేస్తుంది. డోర్ ప్యాడ్ విప్పితే ఆ కంతలు మీకే కనిపిస్తాయి. గ్లాస్ మెషీన్, లాక్ రాడ్లు చేతికి అందాలని కంపెనీయే వదిలినవి. వాటి మీద ఉండే పల్చటి ప్లాస్టిక్ కవరు నీళ్లని ఆపుతుంది, శబ్దాన్ని ఆపలేదు. గ్లాస్ రిపేరుకని రెండు మూడుసార్లు విప్పిన డోర్‌లో అదీ చిరిగి వేలాడుతూ ఉంటుంది.

చేయాల్సిన పని ఇదీ: స్పీకర్ వెనక పడే బయటి రేకుకి లోపలివైపు బ్యూటైల్ డ్యాంపింగ్ షీటు (రేకు అదురుని ఆపే రబ్బరు లాంటి షీటు) అంటించాలి. రేకంతా కప్పక్కర్లేదు. లోపలి కంతల్ని అల్యూమినియం రేకు ముక్కలతో స్క్రూలు వేసి మూయాలి. రేపు గ్లాస్ మోటారు పోతే మళ్లీ విప్పాలి కదా, శాశ్వతంగా అంటించేయొద్దు. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాల జోలికి అసలు వెళ్లొద్దు. అవి మూసుకుపోతే వాననీళ్లు లోపలే నిలిచి రేకు తుప్పు పడుతుంది. చవగ్గా వస్తుందని తారు షీటు వేయించుకుంటే మే నెల ఎండకి మెత్తబడి బండంతా వాసన. స్పీకర్ కింద వేసే రింగు కూడా ప్లాస్టిక్‌ది అయితే మేలు. ఎండీఎఫ్ చెక్క రింగు తడికి ఉబ్బుతుంది.

ఇంత చేసి పాత కంపెనీ స్పీకర్‌నే తిరిగి బిగించి వినిపిస్తే, కొత్తవి కొనే ఆలోచన వాయిదా వేసుకున్నవాళ్లున్నారు. నాకు ఒక అమ్మకం పోతుంది, పోనీండి.

అపోహ: పెట్టె మీద వాట్లు ఎంత ఎక్కువుంటే మోత అంత ఎక్కువ.

పెద్ద అక్షరాల్లో ఉండే అంకె పీక్ పవర్, అంటే క్షణకాలానికి మాత్రమే చెప్పే లెక్క. మీ డెక్ (బండిలో పాటలు వేసే స్టీరియో) మీద "50 వాట్లు × 4" అని రాసున్నా, బండి కరెంటు 14 వోల్టులకు అటూ ఇటూ కాబట్టి, 4 ఓం స్పీకర్‌కి అది నికరంగా ఇవ్వగలిగేది ఛానెల్‌కి సుమారు 15 నుంచి 20 వాట్లే. మీరు చూడాల్సినవి రెండు: ఆర్‌ఎమ్‌ఎస్ వాట్లు (నిలకడగా నడిచే పవర్), సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కి ఎంత మోత చేస్తుందో డెసిబెల్స్‌లో చెప్పే అంకె). 87 డెసిబెల్ స్పీకర్ 20 వాట్లతో చేసే మోత, 90 డెసిబెల్ స్పీకర్ 10 వాట్లతోనే చేస్తుంది. విడిగా ఆంప్ (పవర్ పెంచే ఆంప్లిఫయర్) లేకుండా డెక్ మీదే నడిపే బండికి ఈ తేడా చాలా పెద్దది. ఇందులోనూ చిన్న కిటుకుంది. సెన్సిటివిటీని 1 వాట్ దగ్గర కొలిచారా, 2.83 వోల్టుల దగ్గర కొలిచారా చూడండి. 4 ఓం స్పీకర్‌కి 2.83 వోల్టులంటే 2 వాట్లు. కాగితం మీద అంకె ఊరికే 3 డెసిబెల్ పెరిగిపోతుంది.

అపోహ: వెనక ట్రే మీద పెద్ద ఓవల్స్ (కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు) లేనిదే సౌండ్ సిస్టమ్ కాదు.

ఎస్టీమ్, ఇండిగో లాంటి డిక్కీ బండ్లలో 6×9 అంగుళాల ఓవల్స్‌కి న్యాయం జరుగుతుంది. వెనక ఇనప షెల్ఫ్ గట్టిగా ఉంటుంది, కింద డిక్కీ పెద్ద పెట్టెలా పనికొస్తుంది. అవే ఓవల్స్‌ని హ్యాచ్‌బ్యాక్‌లో అట్టముక్క లాంటి ట్రే మీద పెడితే ట్రే గడగడలాడుతుంది, బేస్ పక్కల సందుల్లోంచి పోతుంది. అంతకన్నా ముఖ్యం, సడన్ బ్రేక్ కొడితే బరువైన మ్యాగ్నెట్లతో సహా ఆ ట్రే వెనక సీట్లో పిల్లల తల మీదికి వస్తుంది. హ్యాచ్‌బ్యాక్‌లో ఆ ట్రే పని నేను ఒప్పుకోను.

పాట ఎదురుగా వినిపించాలి. ముందు డోర్లకి ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) విడిగా ఉండే కాంపొనెంట్ సెట్ పెట్టండి. వెనక డోర్లకి ట్వీటర్ మధ్యలోనే బిగించి వచ్చే మామూలు కోయాక్సియల్స్ చాలు. ముందు సీట్లో కూర్చుని ఫేడర్‌ని (ముందు వెనక స్పీకర్ల మోతని సర్దే సెట్టింగ్) వెనకవి వినీ వినబడనట్టుండే దగ్గర ఆపండి. వెనక ఎప్పుడూ ఎవరూ కూర్చోని బండైతే ఆ డబ్బు కూడా మిగుల్చుకోవచ్చు.

అపోహ: ఆంప్ పెడితే చిన్న స్పీకర్లు కాలిపోతాయి.

నేను చూసిన కాలిన ట్వీటర్లలో ఎక్కువ భాగం ఆంప్ లేని బండ్లవే. డెక్ శక్తికి మించి వాల్యూమ్ పెంచితే అల కొసలు తెగిపోతాయి. ఆ పగిలిన శబ్దం ట్వీటర్ మీద భారం వేస్తుంది. ఆంప్ పెట్టించుకుంటే మాత్రం బ్యాటరీ నుంచి వచ్చే వైరుకి ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే ఉండాలి, ఆంప్ దగ్గర కాదు. దారిలో వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే నిప్పు పుట్టేది అక్కడే మరి.

అపోహ: మోగడం లేదంటే స్పీకర్ పోయినట్టే.

పాత బండిలో ముందు అనుమానించాల్సింది డోర్ కబ్జా దగ్గర రబ్బరు గొట్టంలోంచి వెళ్లే వైరుని. వేలసార్లు తీసి మూసేసరికి లోపల తెగుతుంది. పాట పెట్టి డోర్‌ని మెల్లగా ఊపండి. మోత వచ్చి పోతుంటే వైరే. డెక్ వెనక కప్లర్ ఊడదీసి, ఆ స్పీకర్ రెండు వైర్లకు 1.5 వోల్టుల సెల్లు ఒక్క క్షణం తాకించినా తెలుస్తుంది. టప్పుమంటే స్పీకర్ బతికే ఉంది.

అపోహ: మోగితే చాలు, ప్లస్ మైనస్ ఎటైనా ఒకటే.

ఒక వైపు తారుమారైతే ఒక డోర్ కోన్ ముందుకొచ్చేటప్పుడు రెండో డోర్‌ది వెనక్కి పోతుంది, బేస్ కరువవుతుంది. బ్యాలెన్స్ మధ్యలో ఉన్నప్పుడు పల్చగా ఉండి, ఒక పక్కకి జరపగానే బేస్ పెరిగిందంటే అదే జబ్బు. ఏదో ఒక డోర్ ప్యాడ్ విప్పి రెండు వైర్లూ మార్చి తగిలించండి. గ్లాస్ పూర్తిగా కిందికి దించి మ్యాగ్నెట్‌కి తగలడం లేదని చూసుకున్నాకే ప్యాడ్ బిగించండి.