స్లాట్‌లో పట్టినంత మాత్రాన సరైన బోర్డు కాదు: పాత మినీకంప్యూటర్ బోర్డులపై అపోహలు - వాస్తవాలు

ఈసీఐఎల్ ఉన్న ఊరు మన హైదరాబాద్. టీడీసీ-12, టీడీసీ-316 లాంటి యంత్రాలు తయారైన చోట పాత బోర్డులంటే ఇష్టపడేవాళ్లు ఉండటం సహజమే. కోఠి గుజరాతీ గల్లీ నుంచి చిన్న చిన్న విడిభాగాలు తెచ్చుకుని బోర్డులు బాగుచేసుకునేవాళ్ల కోసం ఈ పోస్టు. ఇందులో చెప్పేదంతా డెక్ (డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్) అనే అమెరికా కంపెనీ పీడీపీ-11 మినీకంప్యూటర్ల బోర్డుల గురించే. ఈ యంత్రాల్లో బోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారిని బస్ అంటారు; యూనిబస్, క్యూ-బస్ అని అవి రెండు రకాలు. టీడీసీ బోర్డు మీది నంబరును డెక్ జాబితాలో వెతక్కండి. యంత్రం వేరు, డ్రాయింగులూ వేరు.

అపోహ: బోర్డు మీద ముద్రించిన పొడుగు నంబరే దాని పేరు.

50తో మొదలయ్యే నంబరు ఖాళీ రాగి పలకది. మీకు కావలసింది హ్యాండిల్ మీద ఉండే ఎం లేదా జీ నంబరు. ఎం8186 అంటే పీడీపీ-11/23 సీపీయూ, ఎం8192 అంటే 11/73 సీపీయూ, ఎం8043 అంటే నాలుగు సీరియల్ లైన్ల డీఎల్‌వీ11-జె, ఎం7555 అంటే ఆర్‌క్యూడీఎక్స్3 డిస్క్ కంట్రోలర్. నంబరు చివర వచ్చే అక్షరాలు కూడా రాసుకోండి. మెమరీ బోర్డుల్లో సైజు వాటిలోనే తెలుస్తుంది. హ్యాండిల్ విరిగితే ఇంకో బోర్డుది తగిలించేస్తుంటారు, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకుండా చిప్పులు కూడా చూడండి. డీసీ003, డీసీ004, డీసీ005 కనిపిస్తే చాలావరకు అది క్యూ-బస్ బోర్డే. ఎక్కువగా 8641, 8881 ఉంటే యూనిబస్ అనుకోవచ్చు.

అపోహ: స్లాట్‌లో పడితే సరిపోయినట్టే.

బోర్డులను కాల్చేది ఎక్కువగా ఈ నమ్మకమే. యూనిబస్, క్యూ-బస్ రెండింటికీ కనెక్టర్ బ్లాకు ఒకటే. నాలుగు వరసల (అంచున ఏ, బీ, సీ, డీ అనే నాలుగు పిన్నుల గుంపులున్న) యూనిబస్ బోర్డు క్యూ-బస్ పెట్టెలో హాయిగా దిగుతుంది, తిరగేసి పెట్టినా దిగుతుంది. పిన్నుల అర్థం మాత్రం వేరు. యూనిబస్ చిన్న పెరిఫెరల్ స్లాటులో సీబీ2 పిన్ను మీద మైనస్ 15 వోల్టులు ఉంటాయి. పిన్ను పేరు చదవడం ఇలా: మొదటి అక్షరం వరస, రెండోది పిన్ను, చివర 1 అంటే చిప్పులున్న వైపు, 2 అంటే టంకం వైపు. పిన్నులు ఏ నుంచి వి వరకు 18, మధ్యలో జి, ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు.

క్యూ-బస్ పెట్టెలన్నీ కూడా ఒకేలా ఉండవు. బీఏ23నే తీసుకోండి. అందులో ఎనిమిది స్లాటులుంటాయి. మొదటి మూడింటిలో ఏబీ వరసల మీదే బస్, సీడీ వరసలు పక్క స్లాటుతో మాట్లాడుకోవడానికి. నాలుగు నుంచి ఎనిమిది దాకా ఏబీ, సీడీ రెండిటి మీదా బస్సే. ఆర్‌ఎల్‌వీ11 డిస్క్ కంట్రోలర్ రెండు బోర్డుల జత: ఎం8013, ఎం8014. ఇవి సీడీ మీదుగానే మాట్లాడుకుంటాయి కనుక పక్కపక్కనే, సీడీ వరసలు ఇలా పక్క స్లాటుతో కలిసే చోటే పెట్టాలి.

అపోహ: ఖాళీ స్లాటు వల్ల నష్టమేమీ లేదు.

ఇంటరప్ట్ (బోర్డు సీపీయూను పిలవడం), డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా బోర్డు నేరుగా మెమరీని వాడుకోవడం) కోసం ఇచ్చే అనుమతి సంకేతాలు ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకు చేతులు మారుతూ వెళతాయి. మధ్యలో ఖాళీ ఉంటే అవి అక్కడే ఆగిపోతాయి. బీఏ23 నాలుగో స్లాటులో ఏబీ నుంచి సీడీకి, ఐదో స్లాటులో సీడీ నుంచి ఏబీకి, ఇలా వంకర టింకరగా సాగే దారి అది. రెండు వరసల బోర్డులు వేసేటప్పుడు ఈ క్రమం తప్పకూడదు. ఖాళీ చోట అనుమతిని ముందుకు పంపే ఎం9047 గ్రాంట్ కార్డు పెట్టండి.

యూనిబస్‌లో తలనొప్పి ఇంకా ఎక్కువ. ఖాళీ స్లాటులో డి వరసలో జీ727 కార్డు ఉండాలి. అది చిన్న ముక్క, పెట్టేటప్పుడు వేళ్లు గీసుకుపోతాయి. డీఎంఏ అనుమతి దారి వేరే. బ్యాక్‌ప్లేన్ (స్లాటులన్నీ బిగించిన పలక) వెనక సీఏ1, సీబీ1 పిన్నుల మధ్య చుట్టిన సన్నని తీగలో అది వెళుతుంది. డీఎంఏ బోర్డు వేసేటప్పుడు ఆ తీగ తీసేయాలి, బోర్డు తీసేస్తే మళ్లీ చుట్టాలి. లేదంటే రెండూ కలిపే జీ7273 కార్డు పెట్టాలి. దారి ఎక్కడ తెగినా బస్ చివరన ఉన్న ఎం9302 టెర్మినేటర్ (బస్‌ను ముగించే బోర్డు) దాన్ని అనుమతి వచ్చినట్టే తీసుకుని శాక్ (అనుమతి అందిందని చెప్పే) సంకేతం పట్టుకుని కూర్చుంటుంది. యంత్రం బిగుసుకుపోతుంది. సీపీయూ పోయిందని అనుకునేది చాలాసార్లు ఇక్కడే. పవర్ తీసి మల్టీమీటర్‌తో ఆ రెండు పిన్నులూ కలిశాయో లేదో చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

అపోహ: సీపీయూ ఎప్పుడూ మొదటి స్లాటులోనే.

చాలా యంత్రాల్లో నిజమే. 11/83లో మాత్రం ప్రత్యేక మెమరీ బోర్డు ఎం8637 సీపీయూ కంటే ముందుండాలి, అదీ సీడీ వరసలు పక్క స్లాటుతో కలిసే స్లాటుల్లోనే. పాత ఆర్‌క్యూడీఎక్స్1, అంటే ఎం8639, అనుమతి గొలుసులో అందరికంటే చివర ఉండాలి. దాని తర్వాత ఇంకేదీ పెట్టకండి.

అపోహ: బోర్డు అంచున ఉండే బంగారు పూత కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దితే కొత్తగా అవుతాయి.

అవి మెరుస్తాయి, పూత పోతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డ చాలు. ఏప్రిల్, మే ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మణికట్టు పట్టీ లేకుండా మెమరీ బోర్డులు ముట్టుకోకండి.

అపోహ: అన్నీ పెట్టి స్విచ్ వేస్తే ఏది పనిచేయదో తెలిసిపోతుంది.

తెలియదు, పైగా పనిచేసేవీ పోవచ్చు. మొదట సప్లై ఇన్‌పుట్ స్విచ్ 230 వోల్టుల వైపు ఉందో లేదో చూడండి. తర్వాత క్యూ-బస్ పెట్టెలో తగిన లోడు పెట్టి ఏఏ2 మీద 5 వోల్టులు, ఏడీ2 మీద 12 వోల్టులు కొలవండి. గ్రౌండ్ ఏసీ2. 5 వోల్టుల దగ్గర 4.75 కంటే తగ్గినా, 5.25 దాటినా ఆపేయండి. తర్వాత మూడే బోర్డులు: ఎం8186 సీపీయూ, ఎం8059 మెమరీ, ఎం8043 సీరియల్. హాల్ట్ నొక్కితే టెర్మినల్ మీద @ గుర్తు రావాలి. 0/ కొడితే మెమరీలోని అంకె కనిపించాలి, ప్రశ్నార్థకం వస్తే ఆ చిరునామాలో ఎవరూ లేరని. చిరునామాలన్నీ ఆక్టల్‌లో (0 నుంచి 7 దాకా అంకెలే వాడే లెక్కలో) ఉంటాయి. కన్సోల్ రిజిస్టరు పాత ఎల్‌ఎస్ఐ-11లో 177560, 11/23లో 777560, 11/73లో 17777560. అదీ పలికాక మిగతా బోర్డులు ఒక్కొక్కటే పెడుతూ, ప్రతిసారీ పవర్ తీసి పెట్టి, మళ్లీ ఇదే పరీక్ష చేయండి.

అమెరికా నుంచి వచ్చిన సిస్టమ్ డిస్కు అయితే ఒక మాట. మెయిన్స్ తరంగాలను లెక్కపెట్టే లైన్ క్లాక్ ఉండి, సాఫ్ట్‌వేర్ 60 హెర్ట్జ్‌కు కట్టి ఉంటే మన 50 హెర్ట్జ్ మీద గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. అది బోర్డు తప్పు కాదు, సిస్టమ్‌ను 50 హెర్ట్జ్‌కు మార్చుకుంటే సరిపోతుంది.