‘వాక్ రైట్ ఇన్’ పాట వెనక ఎవరెవరున్నారు?

1963 జనవరి చివర్లో అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి చేరి, రెండు వారాలు అక్కడే నిలిచిన పాట ‘వాక్ రైట్ ఇన్’. పాడింది రూఫ్‌టాప్ సింగర్స్ అనే ముగ్గురు: ఎరిక్ డార్లింగ్, బిల్ స్వానో, లిన్ టేలర్. వీళ్లని అప్పటి నుంచీ ఫోక్ (జానపద) గ్రూప్ అనే చెప్పుకుంటున్నారు. అది సగం నిజమే. ఆ పాటలోని ఊపు ఎక్కడిదని వెతుక్కుంటూ వెళ్తే ఒక దారి జాజ్ బ్యాండ్ల దగ్గరికి, ఇంకో దారి అమెరికా దక్షిణాదిలోని మెంఫిస్ వీధుల్లో పాడుకుని పొట్ట పోసుకున్న నల్లజాతి కళాకారుల దగ్గరికి చేరుతుంది. పాట ఎవరిది, పేరు, డబ్బు ఎవరికి దక్కాలి అన్న ప్రశ్న మొదలయ్యేది కూడా అక్కడే.

డార్లింగ్ మాత్రం అచ్చంగా ఫోక్ మనిషి. 1933లో బాల్టిమోర్‌లో పుట్టాడు. 1956లో టారియర్స్ బృందంతో ‘బనానా బోట్ సాంగ్’ పాడి పేరు తెచ్చుకున్నాడు. 1958లో వీవర్స్ అనే ఫోక్ బృందం నుంచి, ఆ సంగీతంలో పెద్ద పేరున్న పీట్ సీగర్ తప్పుకుంటే ఆ చోటు డార్లింగ్‌కి దక్కింది. సీగర్ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోవడమంటే ఎంత టెన్షనో ఫోక్ సంగీతం తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. నాలుగేళ్లు నిలబడి, 1962లో బయటికొచ్చి సొంత బృందం కట్టాడు. అందులో ఆడగొంతు కోసం తెచ్చుకున్నది ఫోక్ గాయనిని కాదు. లిన్ టేలర్ అంతకుముందు బెన్నీ గుడ్‌మన్, బడ్డీ రిచ్ లాంటి జాజ్ దిగ్గజాలతో పాడిన మనిషి. ఆ పాట వినండి. ముగ్గురూ కలిసి పాడుతున్నా ఎక్కడా బరువు తెలియదు, తాళం మీద తేలుతున్నట్టు ఉంటుంది. అందులో ఆమె వాటా చాలా పెద్దదని నా నమ్మకం. అయినా ఈ పాట గురించి రాసేటప్పుడు ఆమెకి ఒక్క వాక్యం మించి ఇవ్వరు.

రెండో విశేషం గిటార్లు. డార్లింగ్‌కి రెండు పన్నెండు తీగల గిటార్లు కావాల్సి వచ్చాయి. వాటిలో తీగలు జంటలు జంటలుగా ఉంటాయి. కింది స్థాయి నాలుగు జంటల్లో ఒక తీగ మామూలు స్వరంలో, పక్కది ఒక స్థాయి (ఆక్టేవ్) పైన పలుకుతుంది. అందుకే ఒక్క గిటార్ మీటినా ఇద్దరు వాయించినట్టు గలగలమంటుంది. అప్పట్లో అవి షాపుల్లో అంత తేలిగ్గా దొరికేవి కావు. గిబ్సన్ కంపెనీకి ఆర్డరిచ్చి ఆగాల్సి వచ్చింది. స్వానోది ఎడమచేతి వాటం కాబట్టి అతనికి వేరేగా చేయించడానికి ఇంకొన్నాళ్లు పట్టింది. రెండూ చేతికొచ్చాకే రికార్డింగ్.

అసలు పాట మాత్రం 1929 నాటిది. నల్లజాతి బాంజో కళాకారుడు గస్ కానన్, తన జగ్ స్టాంపర్స్ బృందంతో విక్టర్ రికార్డుల కంపెనీకి మెంఫిస్‌లో రికార్డు చేశాడు. రచనలో హోసియా వుడ్స్ పేరు కూడా ఉంది. జగ్ అంటే విస్కీ పోసుకునే జాడీ. పెదాలు జాడీ మూతికి ఆనించకుండా, కాస్త ఎడంగా పెట్టి బుర్రుమని ఊదితే లోపలి గాలి ట్యూబాలా (బరువైన స్వరం పలికే పెద్ద ఇత్తడి బూరలా) మోగుతుంది. బేస్ వాద్యం కొనే స్తోమత లేనివాళ్లు కనిపెట్టుకున్న ఉపాయమది. కానన్ జగ్‌ని మెడకి తగిలించుకుని, చేతులతో బాంజో (గిటార్ లాంటి తీగల వాద్యం) వాయిస్తూ ఊదేవాడు. ఈ జగ్ బ్యాండ్లకీ జాజ్‌కీ చుట్టరికం ముందు నుంచీ ఉంది. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కన క్లారినెట్ వాయించిన జానీ డాడ్స్ 1926లో షికాగోలో డిక్సీలాండ్ జగ్ బ్లోయర్స్‌తో కలిసి రికార్డులిచ్చాడు. కాబట్టి డార్లింగ్ జాజ్ గాయనిని తెచ్చి ఈ పాట పాడించడంలో విడ్డూరం ఏమీ లేదు.

ఆ తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది, జగ్ బ్యాండ్ల రికార్డింగులు ఆగిపోయాయి, కానన్‌ని లోకం మర్చిపోయింది. 1956లో శామ్యూల్ చార్టర్స్ అనే పరిశోధకుడు అతన్ని మెంఫిస్‌లో వెతికి పట్టుకుని ఫోక్‌వేస్ అనే రికార్డుల కంపెనీ కోసం పాడించాడు. 1959లో చార్టర్స్ కూర్చిన పాత బ్లూస్ పాటల రికార్డులో ‘వాక్ రైట్ ఇన్’ కూడా చేరడంతో కొత్త తరం గాయకుల చెవిన పడింది.

పాట మోగిపోతున్నప్పుడు కానన్‌కి దాదాపు ఎనభై ఏళ్లు. అంతకుముందు చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి డబ్బుల్లేక బాంజో తాకట్టు పెట్టుకున్నాడు. కొత్త రూపానికి రచయితలుగా డార్లింగ్, స్వానో పేర్లు కూడా ఎక్కాయి. కానన్‌కి కొంత రాయల్టీ అందింది. మెంఫిస్‌లోనే ఉన్న స్టాక్స్ రికార్డుల కంపెనీ 1963లో అతనితో ఒక ఆల్బమ్ చేయించింది. ఇది మంచి ముగింపే కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ముప్పై మూడేళ్ల పాటు పైసా రాల్చని పాట, వేరేవాళ్లు పాడాక గానీ దాన్ని కట్టినవాడికి అన్నం పెట్టలేదు. తప్పు డార్లింగ్‌ది అనను, ఆ పాటని మళ్లీ జనంలోకి తెచ్చింది అతనే. పాటని కొత్తగా మలిచినందుకు ఎంత వాటా, మూల రచనకి ఎంత వాటా అన్నది తేల్చే పద్ధతి అప్పట్లో పాటల హక్కులు చూసే పబ్లిషర్ల చేతుల్లో ఉండేది. మెంఫిస్‌లో ఉన్న ఒక ముసలి బాంజో కళాకారుడికి అందులో నోరు మెదిపే అవకాశం ఎక్కడిది?

రూఫ్‌టాప్ సింగర్స్‌కి ఆ స్థాయి హిట్ మళ్లీ పడలేదు. లిన్ టేలర్ వెళ్లిపోయాక ఆమె చోటులో వేరే గాయనులొచ్చారు, 1967లో బృందం విడిపోయింది. కానన్ 1979 దాకా బతికాడు. 1929 నాటి కానన్ రికార్డు, రూఫ్‌టాప్ సింగర్స్ రికార్డు రెండూ ఇప్పుడు ఫోన్‌లోనే దొరుకుతాయి. ముందు పాతది వినండి.