ధ్యానం ఒక 'స్థితి'గా మారిందెప్పుడు? సైకడెలిక్ పేచీ వెనక 1964

బౌద్ధ ధ్యానానికీ, ఎల్‌ఎస్‌డీ లాంటి మనసు తీరు మార్చే సైకడెలిక్ మందులకీ ఏం సంబంధమన్న గొడవ అమెరికాలో మళ్లీ రాజుకుంది. ఈసారి నిప్పు పెట్టింది 2025లో వెలువడిన ఒక పరిశోధన. జాన్స్ హాప్కిన్స్, న్యూయార్క్ విశ్వవిద్యాలయాల వాళ్లు వేర్వేరు మతాలకు చెందిన 29 మంది మతగురువులతో సైలోసైబిన్ ప్రయోగం చేశారు. కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే మత్తు పదార్థం అది. పాల్గొన్నవాళ్లలో జపాన్ ధ్యాన బౌద్ధమైన జెన్‌కు చెందిన ఒక గురువు కూడా ఉన్నారు. తమ జీవితంలోని అతి ముఖ్యమైన ఆధ్యాత్మిక అనుభవాల్లో ఇదొకటని దాదాపు అందరూ చెప్పారు. అక్కణ్ణుంచి వాదన బౌద్ధ సంఘాల్లోకి వచ్చింది. ఏళ్ల తరబడి కూర్చుంటే వచ్చేది ఆరు గంటల్లో వస్తున్నప్పుడు ధ్యాన శిబిరంలో దానికి చోటెందుకు ఇవ్వకూడదని ఒక వర్గం అడుగుతోంది. అదీ ఇదీ ఒకటి కానే కాదని రెండో వర్గం అంటోంది.

హిప్పీలు, బీటిల్స్ రిషీకేశ్ యాత్ర, గోవా బీచ్‌లు అందరికీ తెలిసిన కథే, మళ్లీ చెప్పను. ఇవాళ్టి పేచీ అర్థం కావాలంటే చూడాల్సింది 1964. హార్వర్డ్ ఉద్యోగం అంతకు ముందు ఏడాదే పోగొట్టుకున్న మనస్తత్వ శాస్త్రవేత్తలు టిమొతీ లియరీ, రిచర్డ్ ఆల్పర్ట్, వాళ్ల సహచరుడు రాల్ఫ్ మెట్జ్‌నర్ కలిసి ఆ ఏడాది ఎల్‌ఎస్‌డీ తీసుకునేవాళ్ల కోసం ఒక చేతిపుస్తకం వేశారు. దానికి ఆధారంగా తీసుకున్నది టిబెట్ బౌద్ధుల 'బర్దో థోదోల్'.

అసలు బర్దో థోదోల్ ఏమిటో దగ్గరగా చూడాలి. 14వ శతాబ్దపు కర్మ లింగ్పా వెలికితీశాడని టిబెటన్లు చెప్పే గ్రంథమిది. మనిషి పోతున్నప్పుడు, పోయాక కూడా, లామా పక్కన కూర్చుని దీన్ని చదువుతాడు. చావుకీ మరుజన్మకీ మధ్య కాలం, అంటే బర్దో, ఎక్కువలో ఎక్కువ 49 రోజులని వాళ్ల లెక్క. మొదట స్వచ్ఛమైన వెలుగు కనిపిస్తుంది. గుర్తుపట్టలేకపోతే శాంతమూర్తులు, ఆ తర్వాత రక్తం తాగే ఉగ్రమూర్తులు వస్తారు. అప్పటికీ తెలియకపోతే జీవుడు ఇంకో గర్భం వెతుక్కుంటాడు. ప్రతి మజిలీలోనూ లామా 'కులపుత్రా' అని పిలిచి, నీకు కనిపిస్తున్నవన్నీ నీ మనసులోంచి వచ్చినవే, భయపడకు అని చెబుతూ ఉంటాడు. బతికుండగా సాధన చేసినవాళ్లకు మొదటి వెలుగు దగ్గరే పని అయిపోతుందని, చేయనివాళ్లు ఒక్కో మెట్టూ జారిపోతారని గ్రంథమే చెబుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

లియరీ బృందం చేతికి వచ్చింది ఇంగ్లిషు ప్రతి. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1927లో వేశారు. సంపాదకుడు వాల్టర్ ఎవాన్స్‌వెంట్జ్ అమెరికన్ దివ్యజ్ఞాన సమాజీకుడు, టిబెటన్ భాష రాదు. అనువాదం చేసింది గ్యాంగ్‌టాక్‌లో బడి ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన కాజీ దావా సందుప్. ఆయన పుస్తకం అచ్చు కావడానికి అయిదేళ్ల ముందే, 1922లో కలకత్తాలో చనిపోయాడు. తన అనువాదం ఏ పేరుతో, ఎలాంటి వ్యాఖ్యానాలతో బయటికి వెళ్లిందో చూసుకునే అవకాశం ఆయనకు దొరకలేదు. 1957 ఎడిషన్‌లో కార్ల్ యుంగ్ మనస్తత్వశాస్త్ర వ్యాఖ్యానం, జర్మన్ సంతతి లామా గోవింద ముందుమాట చేరాయి. చావు అంటే అహంకారం చావడమే అన్న అర్థానికి దారి అప్పటికే సగం పడింది.

మిగతా సగం 1964లో పూర్తయింది. మూడు బర్దోలూ ఒక ఎల్‌ఎస్‌డీ సెషన్‌లోని మూడు దశలుగా మారాయి. మొదటిది అహం కరిగిపోవడం, రెండోది దృశ్యాలు కనిపించడం, మూడోది మళ్లీ మామూలు లోకంలోకి దిగిరావడం. లామా స్థానంలో సెషన్ నడిపే గైడ్ కూర్చున్నాడు. 49 రోజులు ఒక పూటకు కుదించుకుపోయాయి. మందు దానంతటది ముక్తి ఇవ్వదని, అది తాళంచెవి మాత్రమేనని రచయితలు రాశారు. తీసుకునే మనిషి మానసిక సిద్ధత, చుట్టూ ఉన్న వాతావరణం చాలా ముఖ్యమని కూడా చెప్పారు. ఆ జాగ్రత్త మంచిదే. కానీ కర్మ పోయింది, పునర్జన్మ పోయింది, శీలం పోయింది, బతికుండగా చేయాల్సిన సాధన పోయింది. మిగిలింది మనసుకు సంబంధించిన ఒక పటం. అందులో మోక్షమనేది ఒక చోటు. అక్కడికి నడిచి వెళ్లొచ్చు, విమానంలోనూ వెళ్లొచ్చు.

నా ఉద్దేశంలో ఇప్పటి వాదనంతా ఈ పటం మీదే నడుస్తోంది. హాప్కిన్స్ ప్రయోగాన్ని సమర్థించేవాళ్లూ, ఆరు గంటల ముచ్చటని తీసిపారేసేవాళ్లలో చాలామందీ ధ్యానం అంటే ఏదో ఒక అసాధారణ స్థితికి చేరడమేనని ముందే ఒప్పేసుకున్నారు. తర్వాతి ఏళ్లలో లియరీ చైతన్యాన్ని ఎనిమిది సర్క్యూట్లుగా విడగొట్టి, పై నాలుగింటినీ మామూలు మనిషికి అందని ఉన్నత స్థాయిలుగా పెట్టాడు. యోగాచారమనే బౌద్ధ శాఖవాళ్లూ ఎనిమిది విజ్ఞానాలు, అంటే ఎనిమిది రకాల ఎరుకలు, చెప్పారు. అంకె తప్ప రెంటికీ పోలిక లేదు. యోగాచారులు లెక్కపెట్టింది ఎక్కాల్సిన మెట్లు కాదు, ఇప్పుడు ఈ క్షణాన భ్రమ ఎలా తయారవుతోందో చూపే భాగాలు.

ఇక్కడ ఒక్క ఏడాది వెనక్కి వెళ్లాలి. 1964 పుస్తకాన్ని అంకితమిచ్చింది ఇంగ్లిషు నవలాకారుడు ఆల్డస్ హక్స్‌లీకి. ఆయన 1963 నవంబరు 22న క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆఖరి గంటల్లో ఆయన అడిగితే భార్య లారా ఎల్‌ఎస్‌డీ ఇంజెక్షన్ ఇచ్చి, చెవి దగ్గర చేరి, తేలిగ్గా వదిలేసి ముందుకు వెళ్లమని చెబుతూ కూర్చుంది. మందు మాట పక్కన పెడితే, బర్దో థోదోల్ ఉద్దేశానికి ఆ తరంలో అందరికన్నా దగ్గరగా వెళ్లింది ఆవిడే అనిపిస్తుంది. నిజంగా చనిపోతున్న మనిషి పక్కన కూర్చుని నిజంగా ధైర్యం చెప్పింది.

హక్స్‌లీ పేరు వచ్చింది కాబట్టి మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి సంగతీ చెప్పాలి. ఇద్దరూ కాలిఫోర్నియాలో దగ్గరి స్నేహితులు. 1954లో హక్స్‌లీ మెస్కలిన్ అనే సైకడెలిక్ మందుతో తనకు కలిగిన అనుభవాన్ని పుస్తకంగా వేశాడు. అదే ఏడాది వచ్చిన కృష్ణమూర్తి పుస్తకానికి ముందుమాటా రాశాడు. కృష్ణమూర్తి బౌద్ధుడు కాదు. అయినా మందుతో వచ్చేది మన సంస్కారాలు, కోరికలు విస్తరించి కనబడటమే తప్ప స్వేచ్ఛ కాదని ఆయన తన ప్రసంగాల్లో పదేపదే చెప్పాడు. అంత దగ్గరి స్నేహమున్నా ఆ విషయంలో మెత్తబడలేదు.

లియరీ బృందం పుస్తకం రాస్తున్న రోజుల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వేరే పని జరుగుతోంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 1959లో జపాన్ నుంచి షున్ర్యూ సుజుకీ అనే సోటో జెన్ పూజారి బుష్ స్ట్రీట్‌లోని సోకోజీ గుడికి వచ్చాడు. అక్కడి జపనీయుల కుటుంబాల కోసం నడిచే గుడి అది. ఆయన పొద్దున్నే కూర్చుంటున్నాడని తెలిసి అమెరికన్ కుర్రవాళ్లు రావడం మొదలుపెట్టారు. నాలుగైదేళ్లలో హిప్పీల అడ్డాగా మారిన హైట్-ఆష్‌బరీ అక్కడికి నడిచి రాగలిగేంత దూరం. రాత్రి ఎల్‌ఎస్‌డీ వేసుకున్నవాళ్లు తెల్లవారుజామున గోడవైపు తిరిగి జాజెన్‌కు, అంటే జెన్ ధ్యానానికి, కూర్చునేవాళ్లు.

సుజుకీ వాళ్లను గుమ్మంలోంచి తరమలేదు. ఆయన వారసుడైన రిచర్డ్ బేకర్ 1966లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరఫున ఎల్‌ఎస్‌డీ సదస్సు ఏర్పాటు చేసినవాడు. సుజుకీ సంఘం కోసం టస్సహారా మఠం కొనడానికి అదే ఏడాది గ్రేట్‌ఫుల్ డెడ్ వంటి రాక్ బృందాలు కచేరీ చేసి డబ్బు పోగు చేశాయి. 1967 జనవరిలో గోల్డెన్ గేట్ పార్కులో హిప్పీల మహాసభ జరిగితే సుజుకీ కూడా వెళ్లాడు. కానీ జెండోలో, అంటే ధ్యాన మందిరంలో, ఆయన చెప్పిందాంట్లో మార్పు లేదు. వెన్ను నిటారుగా పెట్టు, శ్వాస లెక్కపెట్టు, ఏదో దొరుకుతుందని ఆశించి కూర్చోకు. వచ్చినవాళ్లకు కావాల్సింది ఒక గొప్ప అనుభవం. ఆయన ఇచ్చింది మర్నాడు మళ్లీ అదే వేళకు రావడం.

వెలుగులు, దృశ్యాలు, ఉప్పొంగే ఆనందం బౌద్ధ సాధకులకు కొత్త కాదు. జెన్‌లో వాటిని 'మక్యో' అంటారు, పట్టించుకోవద్దంటారు. శ్రీలంక, బర్మాల్లో నిలిచిన పాత బౌద్ధ శాఖ తేరవాదంలో ఈ విషయం ఇంకా వివరంగా ఉంది. 5వ శతాబ్దంలో సింహళంలో బుద్ధఘోషుడు రాసిన విశుద్ధిమగ్గం పది 'విపస్సనా ఉపక్లేశాలు', అంటే విపస్సన ధ్యానంలో ఎదురయ్యే మలినాలు, చెబుతుంది. ఆయన ఆంధ్ర ప్రాంతం నుంచి వెళ్లినవాడని కొందరు పండితుల అభిప్రాయం. ఆ పదిలో మొదటిది ఓభాస, అంటే కాంతి. తర్వాతి వాటిలో పీతి అనే ఉప్పొంగే ఆనందం, సుఖం, తిరుగులేని శ్రద్ధ, చివరికి ఉపేక్ష కూడా ఉన్నాయి. పదోది వీటన్నిటి మీదా సన్నగా పుట్టే మోజు. సాధన బాగా సాగుతున్నవాడికే ఇవి వస్తాయని, వచ్చినప్పుడు తాను గమ్యం చేరానని పొరబడతాడని గ్రంథం హెచ్చరిస్తుంది. ఇది మార్గం, ఇది మార్గం కాదు అని తేల్చుకోవడమే అక్కడి పరీక్ష. 1964 పటంలో గమ్యమని గుర్తు పెట్టిన చోటును పదిహేను వందల ఏళ్ల కిందటి పుస్తకం జారిపడే చోటుగా గుర్తు పెట్టింది.

1970-71 చలికాలంలో బోధ్‌గయలో విపస్సన గురువు సత్యనారాయణ గోయెంకా నడిపిన శిబిరాల్లో ఈ రెండు పటాలూ ఎదురుపడ్డాయి. రోడ్డు మార్గాన యూరప్ నుంచి దిగిన యువకులు అక్కడ గుంపులుగా చేరారు. షారన్ సాల్జ్‌బర్గ్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్, డేనియల్ గోల్‌మన్ లాంటి, తర్వాత అమెరికాలో ధ్యానాన్ని ప్రచారం చేసిన పేర్లన్నీ ఆ హాళ్లలోంచి వచ్చినవే. వాళ్ల మధ్య ఇంకొకరూ కూర్చున్నారు. అప్పటికి రామ్‌దాస్‌గా మారిన రిచర్డ్ ఆల్పర్ట్, 1964 పుస్తకం మీద పేరున్న ముగ్గురిలో ఒకడు. శిబిరం మొదలవగానే అందరూ పంచశీలాలు తీసుకోవాలి. అయిదోది మత్తు పదార్థాలకు దూరంగా ఉండటం. అది ధ్యానానికి ముందు చేసే లాంఛనం కాదు, ధ్యానంలో మొదటి భాగం. ఆ తర్వాత మూడు రోజులకు పైగా శ్వాస గమనించడం, ఆపైన ఒంట్లో పుట్టి పోయే స్పందనల్ని గమనించడం. హాయిగా ఉంటే పట్టుకోవద్దు, నొప్పిగా ఉంటే తొయ్యొద్దు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తలో పదిరోజుల కోర్సుకు వెళ్లేవాళ్లు ఇప్పటికీ ఇదే క్రమంలో కూర్చుంటారు. మత్తుమందుల అలవాటు గురించి దరఖాస్తులోనే అడుగుతారు.

రెండో వైపు చెప్పేదీ వినాలి. పశ్చిమదేశాల మొదటితరం బౌద్ధ ఉపాధ్యాయుల్లో చాలామంది సైకడెలిక్ గుమ్మంలోంచే లోపలికి వచ్చారు, ఆ మాట దాచలేదు. మనసు మామూలుగా కనిపించినంత గట్టి వస్తువు కాదని తమకు మొదట తెలిసింది అక్కడేనంటారు. అయిదో శీలం ఏమరుపాటును వద్దంటోంది తప్ప జాగ్రత్తగా, పెద్దల పర్యవేక్షణలో తీసుకునేదాన్ని కాదని వాళ్ల వాదన. మద్యం విపరీతంగా తాగిన టిబెటన్ లామా చోగ్యం త్రుంగ్పా లాంటివాళ్లను గురువులుగా నెత్తిన పెట్టుకుని, ఇప్పుడు పుట్టగొడుగు దగ్గర మాత్రం శీలం గుర్తుచేస్తారేమని వాళ్లడిగితే, జవాబు చెప్పడం సంఘాలకు ఇబ్బందే.

మెదడు పరిశోధనలు ఈ వాదానికి కొత్త బలమిచ్చాయి. అనుభవమున్న సాధకులు ధ్యానం చేస్తుండగా డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ ముఖ్య భాగాల్లో చురుకు తగ్గుతుందని 2011 చివర్లో యేల్‌లో జడ్సన్ బ్రూవర్ బృందం చూపించింది. మనసు తన గురించి తాను అల్లుకునే ఆలోచనలతో ముడిపడ్డ నెట్‌వర్క్ అది. కొద్ది వారాలకే, 2012 జనవరిలో, రాబిన్ కార్హార్ట్-హారిస్ బృందం సైలోసైబిన్‌తోనూ అవే ప్రాంతాలు నెమ్మదిస్తాయని, బ్రూవర్ బృందం ఫలితాలు వచ్చిన పత్రికలోనే రాసింది. రెండూ ఒకటేనన్న ప్రచారం అక్కణ్ణుంచి ఊపందుకుంది. కానీ ఏదైనా పనిలో గట్టిగా శ్రద్ధ పెట్టినా ఆ నెట్‌వర్క్ తగ్గుతుంది. ఒకే చోట నిశ్శబ్దం కనిపించినంత మాత్రాన రెండు పనులూ ఒకటైపోవు. స్విట్జర్లాండ్ పరిశోధన ఇంకా ఆసక్తికరం. 2019లో వెలువడిన ఆ అధ్యయనంలో 39 మంది పాత సాధకులు అయిదురోజుల శిబిరంలో కూర్చున్నారు. నాలుగోరోజు కొందరికి సైలోసైబిన్, కొందరికి ఉత్త మాత్ర. మందు తీసుకున్నవాళ్లకు ధ్యానం లోతుగా సాగిందని, నాలుగు నెలల తర్వాతా మంచి మార్పులు నిలిచాయని ఫలితం. సైకడెలిక్‌లను సమర్థించేవాళ్లు దీన్ని గెలుపుగా చూపిస్తారు. నాకు కనిపించేది వేరు. వాళ్లంతా అంతకు ముందే ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లు, పక్కన జెన్ గురువు ఉన్నాడు. బర్దో థోదోల్ చెప్పిందీ అదే కదా, ముందు సాధన చేసినవాడే గుర్తుపడతాడని.

ఇప్పుడీ గొడవ చట్టం వల్లా ముదిరింది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్ర ఓటర్లు 2020లో ఆమోదించిన విధానం కింద 2023 నుంచి లైసెన్సున్న కేంద్రాల్లో సైలోసైబిన్ ఇస్తున్నారు. కొలరాడో 2022లో అదే దారి పట్టింది. కేంద్ర చట్టం ప్రకారం అక్కడ ఇంకా నిషేధమే. మన దగ్గర ఎల్‌ఎస్‌డీ, సైలోసైబిన్ రెండూ 1985 ఎన్‌డీపీఎస్ చట్టం పరిధిలో ఉన్నాయి, దొరికితే జైలే. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లోనైనా తలుపు తెరుచుకోవడంతో, బుద్ధుడి పేరుతో ఇలాంటి శిబిరం నడపొచ్చా అన్నది ఇక ఊహాప్రశ్న కాదు. అమెరికా విపస్సన ఉపాధ్యాయులు ఒప్పుకున్న నియమావళిలో అయిదో శీలం కింద రెండు మాటలున్నాయి. శిబిరంలో, శిబిర ప్రాంగణంలో మత్తు పదార్థాలు ఉండకూడదు. బయట ఎప్పుడైనా వాటిని దుర్వినియోగం చేయకూడదు. రెండో మాటకు ఎవరి భాష్యం వాళ్లు చెప్పుకుంటూ ఇన్నేళ్లు గడిపారు. ఇప్పుడు మార్చమని అడుగుతున్నది మొదటిదాన్ని.