ఆగని పాఠం కోసం: దూరవిద్యలో వీడియో నడిచిన దారి

పాఠం సగంలో తెర మీద బొమ్మ నిలిచిపోవడం దూరవిద్య విద్యార్థులకు బాగా తెలిసిన ఇబ్బంది. ఇది ఇంటర్నెట్‌తో వచ్చినదే. అంతకుముందున్న చిక్కు వేరు. బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన ఓపెన్ యూనివర్సిటీ, 1971లో బోధన ప్రారంభించినప్పుడు, తపాలాలో పంపే పుస్తకాలకు తోడుగా బీబీసీ టీవీ, రేడియో ప్రసారాలను వాడుకుంది. ఎంతమంది చూసినా ఆ ప్రసారం తడబడేది కాదు. అయితే అది తెల్లవారుజామున వచ్చినా, అర్ధరాత్రి వచ్చినా ఆ వేళకు మేలుకొని ఉండవలసింది విద్యార్థే. వీడియో క్యాసెట్లు ఆ కట్టుబాటును కొంత సడలించాయి.

1990లలో వచ్చిన స్ట్రీమింగ్‌తో, అంటే ఇంటర్నెట్‌లో వీడియో అందుతుండగానే చూసే పద్ధతితో, వేళల బెడద తీరింది గానీ పాఠం ఆగకుండా వస్తుందన్న నమ్మకం పోయింది. టీవీ తరంగం అందరికీ ఒక్కటే. ఇంటర్నెట్‌లో మాత్రం సర్వర్ ప్రతి విద్యార్థికీ విడివిడిగా వీడియో పంపాలి కనుక, చూసేవారు పెరిగిన కొద్దీ భారమూ పెరిగేది. సెకనుకు 56 కిలోబిట్లు దాటని డయలప్ మోడెమ్‌లో తపాలా బిళ్లంత బొమ్మ రావడమే గగనం. పైగా స్ట్రీమింగ్ కోసమే రూపొందిన ప్రోటోకాల్‌లను (డేటా పంపే నియమాలను) చాలా సంస్థల ఫైర్‌వాల్‌లు (నెట్‌వర్క్‌కు కాపలా కాసే వ్యవస్థలు) లోపలికి రానిచ్చేవి కావు.

అసలు మలుపు యాపిల్ 2009లో తెచ్చిన హెచ్ఎల్ఎస్, 2012లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన డ్యాష్ వంటి వీడియో పంపే పద్ధతులతో వచ్చింది. వీటిలో వీడియోను కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను పలు నాణ్యతల్లో సిద్ధం చేసి ఉంచుతారు. విద్యార్థి ఫోనులోని ప్లేయర్ అప్పటి కనెక్షన్ వేగాన్ని బట్టి తరువాతి ముక్కను ఎంచుకుంటుంది. ఇవి మామూలు వెబ్ పేజీల దారినే వెళతాయి కాబట్టి ఫైర్‌వాల్‌ల అడ్డు తగ్గింది, విద్యార్థికి దగ్గరలోని సర్వర్లలో నకళ్లు దాచే వీలూ కలిగింది.

దీనికి చెల్లించిన మూల్యం ఆలస్యం. ముక్కలు ముందుగా పోగుపడాలి కనుక, ప్రత్యక్ష పాఠం విద్యార్థికి చాలా సెకన్లు వెనుకగా చేరుతుంది. సందేహం అడిగేసరికి అధ్యాపకుడు మరో అంశంలో ఉంటాడు. అందుకే చర్చలకు, వీడియో కాల్‌లలో వాడే వెబ్ఆర్‌టీసీ వంటి తక్షణ పద్ధతులు అవసరమయ్యాయి. 2020లో తరగతి గదులు మూతపడినప్పుడు ఈ తేడాను చాలాచోట్ల పట్టించుకోలేదన్నది నా అభిప్రాయం: రికార్డు చేసి ఇస్తే సరిపోయే గంట ఉపన్యాసాన్ని కూడా వీడియో కాల్‌లోనే నడిపారు.

మరో లోపం అంతగా చర్చకు రాలేదు. వేగం తగ్గితే ప్లేయర్ దిగువ నాణ్యతకు దిగుతుంది. వినోద వీడియోల కోసం నిర్ణయించిన ఆ నాణ్యతా మెట్లలో ముఖాలు ఓ మోస్తరుగా కనిపించినా, బోర్డు మీది సమీకరణం అలుక్కుపోతుంది. నిమిషాల తరబడి మారని స్లయిడుకు సెకనుకు ముప్పై ఫ్రేములు (విడి బొమ్మలు) అక్కరలేదు. ఫ్రేములు తగ్గించి, ఆ మిగులును అక్షరాల స్పష్టతకూ, తెగని ధ్వనికీ మళ్లించడం విశ్వవిద్యాలయాల చేతిలో ఉన్న పనే.