చేయి విశ్రాంతిగా ఉండటమంటే ఏమిటి? కొన్ని అపోహలు, వాస్తవాలు

చేతి సమస్యలతో వచ్చేవారికి ఫిజియోథెరపీ చేయడం నా వృత్తి. పరీక్ష మొదలుపెట్టే ముందు, ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి పైకి ఉండేలా తిప్పి, చేతిని పూర్తిగా వదిలేయమని చెబుతాను. చాలామంది వెంటనే వేళ్లను బారుగా చాచి అరచేతిని చదునుగా పెడతారు. అది వదిలేయడం కాదు, ఒక పని. ముంజేతి వెనుక భాగాన్ని రెండో చేత్తో తాకి చూస్తే అక్కడి కండరాలు బిగుసుకొని ఉండటం వారికే తెలుస్తుంది. విశ్రాంతిలో చేయి ఎలా ఉంటుందన్నది చిన్న విషయంగా తోచవచ్చు గానీ, దెబ్బ తగిలిన చేతికి కట్టు కట్టేటప్పుడు, పక్షవాతం వచ్చిన మనిషిని ఇంట్లో చూసుకునేటప్పుడు, రోజంతా కూర్చొని చేతులతో పనిచేసేటప్పుడు అది తెలియకపోవడం వల్ల జరిగే నష్టాన్ని నేను తరచూ చూస్తున్నాను.

అపోహ: వేళ్లు బారుగా, అరచేయి చదునుగా ఉంటేనే చేయి వదులుగా ఉన్నట్టు.

వదిలేసిన చేయి ఎప్పుడూ వంపు తిరిగే ఉంటుంది. మణికట్టు కొద్దిగా వెనక్కి వాలి ఉంటుంది. చూపుడువేలు అన్నిటికంటే తక్కువగా, మధ్యవేలు అంతకంటే కాస్త ఎక్కువగా, ఉంగరపువేలు ఇంకా ఎక్కువగా, చిటికెనవేలు అన్నిటికంటే ఎక్కువగా ముడుచుకొని మెట్ల వరుసలా కనిపిస్తాయి. బొటనవేలు చూపుడువేలి పక్కకు చేరుతుంది. వేళ్లను కదిలించే కండరాలు వేళ్లలో లేవు. కొన్ని అరచేతిలో, బలమైనవన్నీ ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి టెండన్లనే గట్టి తాళ్లు మణికట్టును దాటి వేలి కొసల దాకా వెళతాయి. ముడిచే తాళ్లు, చాచే తాళ్లు పరస్పరం లాగుకొని సరితూగిన చోట వేళ్లు ఆగుతాయి. ఆ చోటే చేతికి విశ్రాంతి.

దీన్ని ఇప్పుడే చూడవచ్చు. మోచేతిని బల్ల మీద ఆనించి ముంజేతిని నిలువుగా పెట్టి, వేళ్లను వాటి మానాన వదిలేసి, మణికట్టును నెమ్మదిగా ముందుకు, అంటే అరచేతి వైపుకు వాల్చండి. మీ ప్రయత్నమేమీ లేకుండానే వేళ్లు విచ్చుకుంటాయి. మణికట్టును వెనక్కి వంచితే మళ్లీ ముడుచుకుంటాయి, బొటనవేలు చూపుడువేలిని చేరుకుంటుంది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని వేళ్లు కదలకపోయినా, మణికట్టును వెనక్కి ఎత్తే శక్తి మిగిలినవారు ఈ ఒక్క ఏర్పాటుతోనే గ్లాసు, చెంచా పట్టుకోగలుగుతారు. అందుకే అలాంటివారి వేళ్లను, మణికట్టును ఒకేసారి వెనక్కి సాగదీసి మర్దన చేయవద్దని కుటుంబసభ్యులకు గట్టిగా చెబుతాం. ఆ తాళ్లు సాగిపోతే మిగిలిన ఆ కాస్త పట్టు కూడా పోతుంది.

ఈ మెట్ల వరుసకు ఇంకో ప్రయోజనముంది. కొడవలో గాజుపెంకో తగిలి తెగిన చేతిలో మిగతా వేళ్లన్నీ వంపు తిరిగి ఉండగా ఒక్క వేలు మాత్రం బారుగా పడి ఉంటే, ఆ వేలిని ముడిచే టెండన్ తెగిందని గట్టిగా అనుమానించాలి. మనిషి స్పృహలో లేకపోయినా, చెప్పినట్టు చేయలేని పసిబిడ్డ అయినా చేయి తన స్థితిని ఇలా చూపిస్తుంది. పైకి గాయం చిన్నదిగా ఉందని కుట్లు వేయించి ఊరుకోవడం ఇలాంటప్పుడు తగదు. చేతి శస్త్రచికిత్స చేసే వైద్యుడికి వెంటనే చూపించాలి.

అపోహ: కట్టులో చేయి ఎలా ఉన్నా ఫరవాలేదు, కట్టు విప్పాక వ్యాయామంతో సరిచేసుకోవచ్చు.

నా దృష్టిలో ఎక్కువ మంది చేతులను పాడుచేస్తున్న అపోహ ఇదే. వేళ్లు అరచేతితో కలిసే చోట ఉన్న కణుపులను రెండు పక్కలా పట్టి ఉంచే బంధనాలు, వేలు బారుగా ఉన్నప్పుడు వదులుగాను, వంగినప్పుడు బిగువుగాను ఉంటాయి. అక్కడి ఎముక తల ముందు వైపు వెడల్పుగా ఉండటమే దీనికి కారణం. ఆ కణుపులను బారుగా ఉంచి వారాల తరబడి కట్టేస్తే వదులుగా ఉన్న బంధనాలు కుంచించుకుపోయి, ఆ తరువాత పిడికిలి బిగించడానికి వీలుకాదు. వేలి మధ్యలోని కణుపుల సంగతి దీనికి విరుద్ధం; వాటిని ముడిచి ఉంచితే లోపలి వైపు పొర కుంచించుకుపోయి వేలు చాచడం కుదరదు.

కాబట్టి కట్టు కట్టవలసిన భంగిమకూ, చేయి తనంతట తాను విశ్రాంతి తీసుకునే భంగిమకూ తేడా ఉంది. దెబ్బతిన్న చేతిని కదలకుండా ఉంచవలసినప్పుడు సాధారణంగా మణికట్టును 20 నుంచి 30 డిగ్రీలు వెనక్కి, అరచేతి దగ్గరి కణుపులను 70 నుంచి 90 డిగ్రీలు ముందుకు వంచి, వేళ్ల మిగతా కణుపులను బారుగా, బొటనవేలిని అరచేతికి ఎదురుగా దూరంగా ఉంచుతాం. చూడటానికి అసహజంగా కనిపించినా, కట్టు విప్పాక చేయి పనికొచ్చేలా చేసేది ఇదే. తెగిన టెండన్లకు, కొన్ని రకాల కాలిన గాయాలకు ఈ కొలతలు మారతాయి గనుక నిర్ణయం వైద్యుడిదే. అయితే సిమెంట్ కట్టు వేసినా, ఊళ్లో వెదురు బద్దలతో కట్టినా, వైద్యుడు వద్దనకపోతే కట్టు బయట ఉన్న వేళ్లను మొదటి రోజు నుంచే రోజుకు పలుమార్లు పూర్తిగా ముడుస్తూ చాస్తూ ఉండాలి. వేళ్లు బాగా వాచినా, తిమ్మిరెక్కినా, నీలంగా మారినా, వేళ్లను చాచినప్పుడు భరించలేని నొప్పి పుట్టినా, ఏ కట్టు అయినా సరే, ఆలస్యం చేయకుండా విప్పించాలి.

అపోహ: పక్షవాతం వచ్చిన చేతితో మెత్తని బంతి పిసికిస్తే త్వరగా బాగవుతుంది.

బిడ్డలు ఎంతో ఆపేక్షతో బంతి కొని తెస్తారు. కానీ పక్షవాతం తరువాత చాలామందిలో ముడిచే కండరాలు ఎక్కువగా బిగుసుకుంటాయి, కరువైపోయేది వేళ్లను విప్పే శక్తి. అలాంటి చేతికి పిసికే పనే పదేపదే ఇవ్వడం వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. గ్లాసును పట్టుకొని వదలడం, తువ్వాలును బల్ల మీద చాచి తోయడం వంటి, చేయి తెరుచుకునే పనులు కావాలి. పడుకున్నప్పుడు ఆ చేతి కింద భుజం నుంచి వేళ్ల దాకా దిండు పెట్టి, మణికట్టు వేలాడకుండా చూడాలి. లేవదీసేటప్పుడు ఆ చేతిని పట్టి ఎన్నడూ లాగకూడదు. బలం తగ్గిన కండరాలు భుజపు కీలును పట్టి ఉంచలేవు గనుక, లాగినప్పుడల్లా కీలు మరింత జారి నొప్పి స్థిరపడుతుంది.

అపోహ: నిటారుగా, తొంభై డిగ్రీల కోణంలో కూర్చోవడమే సరైన కూర్చునే పద్ధతి.

చేయి ఎలా విశ్రమిస్తుందన్నది భుజం, వెన్ను ఎలా ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. నడుము దగ్గర, మోకాలి దగ్గర తొంభై డిగ్రీలు అన్నది గీత గీయడానికి తేలికైన కోణం మాత్రమే. 1973, 74 సంవత్సరాల్లో స్కైలాబ్ అంతరిక్ష కేంద్రంలో గడిపిన వ్యోమగాముల శరీరాలు భారరహిత స్థితిలో ఎలా ఉన్నాయో అమెరికా అంతరిక్ష సంస్థ కొలిచింది. ఆ కొలతల్లో నడుముకూ తొడకూ మధ్య కోణం సుమారు 128 డిగ్రీలు, మోకాలి కోణం సుమారు 133 డిగ్రీలు వచ్చాయి. చేతులు మోచేతి దగ్గర వంగి ముందుకు తేలాయి. భూమి మీద ఆ కోణాలను అలాగే అనుకరించమని కాదు. శరీరం తనంతట తాను ఎంచుకునేది లంబకోణం కాదని గ్రహిస్తే చాలు. వెన్నుకు ఆనుడు ఉండి, కాస్త వెనక్కి వాలి, మోచేతులు బల్ల ఎత్తులో ఆని ఉంటే భుజాలు దిగుతాయి, భుజాలు దిగితే చేయి వదులవుతుంది. ఎంత మంచి భంగిమ అయినా గంటల తరబడి కదలకుండా ఉంటే శ్రమే.

నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే స్త్రీలకు కుర్చీలు, కోణాలు చెప్పి లాభం లేదు. ఒళ్లో చాట పెట్టుకొని, మెడ వంచి, తునికాకు కత్తిరించి చుట్టడంలోనే వారి రోజు గడుస్తుంది. గోడకు ఆనుకొని, చాట కింద దిండో పీటో పెట్టి ఎత్తు పెంచుకొని, ఒక కట్ట పూర్తయినప్పుడల్లా చేతులు కిందికి వదిలేసి భుజాలు తిప్పుకోమంటాను. పని ఆపకుండానే చేసుకోగలిగిన మార్పు ఇది.

అపోహ: చేతి తిమ్మిర్లన్నీ కంప్యూటర్ వల్లే వస్తాయి, మణికట్టు కింద మెత్త పెట్టుకుంటే తగ్గుతాయి.

మణికట్టు లోపలి ఇరుకైన సొరంగం గుండా తొమ్మిది టెండన్లు, ఒక నరం వెళతాయి. అమెరికాలో 1981లో వెలువడిన కొలతల్లో, మణికట్టు నిటారుగా ఉన్నప్పుడు ఆ సొరంగంలోని ఒత్తిడి మామూలు మనుషుల్లో సగటున 2.5 మిల్లీమీటర్ల పాదరసం, నరం నొక్కుకుపోయినవారిలో 32 మిల్లీమీటర్ల పాదరసం (రక్తపోటును కొలిచే ప్రమాణమే) ఉంది. మణికట్టు వంచినప్పుడు ఇద్దరిలోనూ అది ఎన్నో రెట్లు పెరిగింది. మధుమేహం, థైరాయిడ్ తక్కువగా ఉండటం, గర్భధారణ కూడా ఈ సమస్యకు దారితీస్తాయి. కీబోర్డు ఒక్కదాన్నే నిందించడం సరికాదు. మణికట్టు కింది మెత్త టైపు చేయడం ఆపినప్పుడు ఆనడానికే. టైపు చేస్తూ దాని మీద బరువు మోపితే సరిగ్గా ఆ సొరంగం మీదే నొక్కినట్టవుతుంది. కీబోర్డు వెనుక ఉండే మడత కాళ్లను లేపకుండా ఉంచితే మణికట్టు అంతగా వెనక్కి వంగదు.

రాత్రివేళ చెంప కింద చేయి మడిచి పడుకునేవారు తెల్లవారుజామున తిమ్మిరితో లేవడానికి కారణం ఇదే వంపు. మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ రాత్రిపూట కట్టుకుంటే చాలామందికి ఉపశమనం కలుగుతుంది. అయితే తిమ్మిరి ఏ వేళ్లలో ఉందో ముందు గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేళ్లలో ఉంటే మణికట్టును, చిటికెనవేలు, దాని పక్క వేలి సగంలో ఉంటే మోచేతిని అనుమానించాలి. రెండో సందర్భంలో మణికట్టు పట్టీ పనిచేయదు, మోచేయి పూర్తిగా ముడుచుకోకుండా మెత్తని తువ్వాలు చుట్టుకొని పడుకోవాలి. బొటనవేలి మొదట్లోని కండ పలచబడినా, చేతిలోని వస్తువులు జారిపోతున్నా పట్టీలతో కాలం గడపకుండా నరాల పరీక్ష చేయించుకోవాలి.