ఇల్లు కురుస్తున్న చేప

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. ఒకరోజు రాత్రి ఫోన్ చేసింది. "మామయ్యా, మా గోల్డ్ ఫిష్ ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయి. రెక్కలు ముడుచుకుని ఒక మూల నిలబడిపోయింది. షాపతను నీళ్ళలో కళ్ళుప్పు వెయ్యమన్నాడు. ఇది సముద్రం చేప కాదు కదా, ఉప్పేస్తే చచ్చిపోదా?"

షాపతను చెప్పింది సరైనదే. కానీ పిల్ల అడిగింది అంతకన్నా మంచి ప్రశ్న. కాబట్టి మిగతా జాగ్రత్తలన్నీ ఒక్క ముక్కలో తేల్చేస్తాను: మూడో వంతు నీళ్ళు మార్చాలి, కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేలా ముందురోజే పట్టి ఉంచాలి, మేత బాగా తగ్గించాలి, ఎయిర్ పంప్ ఆపకూడదు. మురికి నీళ్ళలో ఉప్పు వేసి ఏం లాభం లేదు. ఇక ఉప్పు సంగతికి వద్దాం.

ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్ సీసాలో లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉంటుంది. గోల్డ్ ఫిష్ రక్తం కూడా కాస్త అటూ ఇటూగా అంతే ఉప్పన. దాని చుట్టూ ఉన్న మంచినీళ్ళలో ఉప్పు లేనట్టే లెక్క. లోపల ఉప్పు, బయట చప్పన, మధ్యలో పల్చటి పొర. ఎండుద్రాక్ష నీళ్ళలో వేస్తే నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది, చేపకూ అదే కావాలి. ద్రవాభిసరణం అనే ఈ పాఠాన్ని మేం టీచర్లం పిల్లలకు ఎండుద్రాక్షతోనే చెబుతాం, నాలుగు మార్కుల ప్రశ్న అడుగుతాం, నాలుగు మార్కులూ వేస్తాం. మరి చేప ఎందుకు ఉబ్బిపోదు అని ఇన్నేళ్ళలో క్లాసులో ఒక్కరూ అడగలేదు. అడిగేలా మేమూ చెప్పలేదు.

వానాకాలంలో పాత పెంకుటిల్లు ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చేప కష్టం ఇట్టే అర్థమవుతుంది. మంచినీటి చేప అంటే ఎప్పుడూ కురిసే ఇల్లు. వాన ఒక్క క్షణం ఆగదు, ఎందుకంటే చేప ఉన్నదే నీళ్ళలో. పెంకుల్లాగా పొలుసులు, వాటి మీద జిగురు ఉన్నాయి కాబట్టి కప్పు నుంచి కారేది తక్కువే. అసలు చిక్కు కిటికీల దగ్గర. మొప్పలే ఆ కిటికీలు. ఊపిరి ఆడాలంటే తెరవాలి, తెరిస్తే జల్లు కొడుతుంది. నీళ్ళకూ రక్తానికీ మధ్య మొప్పల్లో ఉండే గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతులు కొన్ని మాత్రమే. ఆక్సిజన్ వచ్చేది ఆ గోడలోంచే, నీళ్ళు చొరబడేదీ ఆ గోడలోంచే.

ఇంట్లోకి వచ్చిన నీళ్ళు ఎవరో ఒకరు చెంబుతో తోడి పారబోయాలి కదా, అది మూత్రపిండాల పని. గోల్డ్ ఫిష్ రోజుకు తన బరువులో దాదాపు మూడో వంతు మూత్రం పోస్తుంది. 60 కిలోల మనిషి రోజుకు 20 లీటర్లు పోసినట్టు! అందుకే మంచినీటి చేప దాహానికి నీళ్ళు తాగదు, తాగాల్సిన అవసరమే లేదు. తోడేటప్పుడు నేల మీద చెల్లాచెదురైన బియ్యం గింజలు కూడా నీళ్ళతో పాటు ఎన్నో కొన్ని కొట్టుకుపోతాయి. మూత్రపిండాలు చాలావరకు ఏరి వెనక్కి పెడతాయి గాని, పోయేది పోతూనే ఉంటుంది. చేప ఒంట్లో ఆ గింజలే సోడియం, క్లోరైడ్.

మరి పోయింది తిరిగి ఎలా వస్తుంది? కొంత మేతతో వస్తుంది. మిగతాది మొప్పల్లోనే ఉండే ప్రత్యేక కణాలు చప్పటి నీళ్ళలోంచి ఏరి తెస్తాయి. 1930లలో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆగస్ట్ క్రోగ్ మంచినీటి చేపల్ని స్వేదనజలంలో ఉంచి వాటి ఒంట్లో ఉప్పు తగ్గేలా చేసి, తర్వాత అతి పలచటి ఉప్పునీళ్ళలో వేసి కొలిచారు. చేపలు ఆ నీళ్ళలోంచి ఉప్పును ఎదురు ఎత్తు మీదికి, అంటే తక్కువ ఉన్న చోటి నుంచి ఎక్కువ ఉన్న చోటికి, లాక్కుంటున్నాయని తేల్చారు. ఈ కణాలు సోడియం ఒకటి లోపలికి తెస్తే హైడ్రోజన్ అయాన్ ఒకటి బయటికి పంపుతాయి, క్లోరైడ్ తెస్తే బైకార్బొనేట్ పంపుతాయి. ఊరికే జరిగే పని కాదు, కణాలకు ఇంధనం లాంటి ఏటీపీ ఖర్చవుతుంది. అంటే చేప తిన్న తిండిలో కొంత బతికినన్నాళ్ళూ ఈ ఏరుకునే కూలికే పోతుంది.

ఈ ఏరేవాళ్ళకు ఒక బలహీనత ఉంది. ఫిల్టర్ ఇంకా కుదురుకోని కొత్త తొట్టిలో చేప వ్యర్థాల నుంచి పుట్టే నైట్రైట్ అనే విషం పేరుకుంటుంది. దాన్ని ఈ కణాలు క్లోరైడ్ అనుకుని లోపలికి తెచ్చేస్తాయి. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రకంగా మారుస్తుంది, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. నీళ్ళ నిండా గాలి ఉన్నా చేప పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. అప్పుడు కాస్త ఉప్పు వేస్తే మంచి గింజలు ఎక్కువై నకిలీ గింజ చేతికి రావడం తగ్గుతుంది. ఉప్పుకు ఇంత నేర్పు ఉందని చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు మా పిల్ల చేప దగ్గరికి. తెల్ల చుక్కల జబ్బుకు కారణం ఇక్తియోఫ్తీరియస్ మల్టీఫిలిస్ అనే ఏకకణ జీవి. పేరుకు అర్థం బోలెడు పిల్లలున్న చేప పేను అని. అది పేను కాదుగాని పిల్లల మాట నిజం. చర్మం పొర కిందికి దూరి తింటుంది. ఒక్కో చుక్క కోతి పీకేసిన ఒక పెంకు. మొప్పల మీద కూడా పీకుతుంది, అది మనకు కనబడదు. దాంతో కప్పూ కారుతుంది, కిటికీలూ విరుగుతాయి. ఊపిరి చాలక చేప మొప్పల్లోకి రక్తం ఎక్కువ పంపిస్తే, అంటే కిటికీలు ఇంకాస్త బార్లా తెరిస్తే, జల్లు ఇంకా ఎక్కువ కొడుతుంది. జబ్బు చేపకు ఎయిర్ పంప్ అంత ముఖ్యం కావడానికి ఇదీ ఒక కారణమే. గాలి బాగా అందితే కిటికీలు అంతగా తెరవక్కర్లేదు.

ఉప్పు పెంకులు సర్దదు. వాన తగ్గిస్తుంది, అంతే. లీటరుకు 3 గ్రాములు వేస్తే లోపలికీ బయటికీ ఉన్న తేడాలో మూడో వంతు పోతుంది. ముసురు జల్లవుతుంది. తోడేవాళ్ళకు నడుం వాల్చే సమయం దొరుకుతుంది. మిగిలిన ఓపికతో చేప తన చర్మాన్ని తానే బాగుచేసుకుంటుంది.

ఇంకో రకం ఉప్పు వైద్యం ఉంది. చేపపిల్లల్ని చెరువులో వదిలేముందు లీటరుకు 20, 30 గ్రాముల ఉప్పునీళ్ళలో కొద్ది నిమిషాలు ముంచుతారు. అక్కడ జరిగేది ఊరగాయలో ముక్కకు జరిగేది: ఉప్పు లోపలి నీటిని బయటికి లాగేస్తుంది. పైన అంటుకున్న పరాన్నజీవి చిన్నది కాబట్టి ముందు అది వాడిపోతుంది. చేప అదే దారి పట్టకముందే తీసెయ్యాలి. తొమ్మిదో తరగతి పిల్లకు ఇది చెప్పలేదు.

లెక్క మాత్రం చెప్పాను. రెండడుగుల తొట్టి, గులకరాళ్ళు పోను 45 లీటర్లు. 135 గ్రాములు, మూడు వాటాలుగా, పన్నెండు గంటలకొకటి, మగ్గులో కరిగించి. వంటింటి ఉప్పయినా పర్వాలేదు. అయోడిన్ ఉంటే చేప చస్తుందని షాపుల్లో భయపెడతారు. కిలో ఉప్పులో అయోడిన్ 15 నుంచి 30 మిల్లీగ్రాములు. 3 గ్రాముల్లో ఎంత వస్తుందో లెక్కేసుకోండి, మిల్లీగ్రాములో పదో వంతు కూడా రాదు.

ఒక తప్పు మాత్రం చెయ్యొద్దన్నాను, నేను చేసింది కాబట్టి. ఎండాకాలంలో తొట్టి నీళ్ళు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్ళే కలిపి పోశాను. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు. పది రోజుల్లో మొక్కలు కుళ్ళాయి, పొలుసుల్లేని రెండు చిన్న క్యాట్ ఫిష్‌లు పోయాయి. తగ్గిన నీళ్ళకు చప్పటి నీళ్ళు పొయ్యాలి. తీసి మార్చిన నీళ్ళకే ఉప్పు కలపాలి.

ఈలోగా వాళ్ళ నానమ్మ, చేప ఇంటి దిష్టి తన మీద వేసుకుందనీ, పోతే మంచిదేననీ అన్నారట. వియ్యాలవారితో వాదించే ధైర్యం నాకు లేదు. కానీ ఈ నమ్మకం ఎంత హాయిగా ఉందో చూడండి. చేప చచ్చినా మేలే, నీళ్ళు ఎవరూ పరీక్షించక్కర్లేదు.

నాలుగో రోజు ఫొటో వచ్చింది. చుక్కలు అలాగే ఉన్నాయి, కానీ వీపు మీది రెక్క లేచింది. నేను చూసేది అదే. ఆరో రోజు చుక్కలు మాయం. "ఉప్పు తీసెయ్యనా?" అంది.

ఎక్కువమంది ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే. చర్మం కింద ఉన్నంతకాలం ఆ జీవిని ఉప్పూ తాకదు, మందూ తాకదు. తిని బలిశాక అదే రాలిపోయి, అడుగున గూడు కట్టుకుని, ఒకటి వందలుగా, ఒక్కోసారి వెయ్యి దాకా చీలుతుంది. 25 డిగ్రీల వేడిలో ఇది ఒక రోజు పని. బయటికొచ్చిన పిల్లలకు రెండు రోజుల్లోపు చేప దొరక్కపోతే చావే. మనకు చిక్కేది ఆ ఈదే దశలోనే. జబ్బు ముదిరితే ఉప్పు ఒక్కటే చాలదు, మలాకైట్ గ్రీన్ కలిసిన మందు కావాలి (తినే చేపలకు ఇది నిషిద్ధం). ఏది వేసినా చుక్కలు పోయాక ఇంకో వారం ఆగాలి.

"అంటే పోలేదు, కిందికి దిగిందన్నమాట," అంది పిల్ల.

ఆ రాత్రి టార్చిలైటు వేసుకుని గులకరాళ్ళ మధ్య గూళ్ళ కోసం వెతికిందట. ఏమీ కనబడలేదు. చేప మాత్రం మేత వేళయిందనుకుని అద్దం దగ్గరికి వచ్చి నోరు తెరుస్తూ నిలబడిందట.